పేదల్ని మార్కులేసి ఏరిన కాగితం

ఈ మధ్య ఏ సెమినారుకు పోయినా ఒకే మాట వినబడుతున్నది. గణాంకాలు నాణ్యంగా ఉంటే అసలైన పేదలెవరో తేలిపోతారట. వాళ్ళు తేలితే ప్రభుత్వ సాయం దారి తప్పకుండా వాళ్ళ ఇంటికే చేరుతుందట. వినడానికి బాగానే ఉంటుంది. ప్రజల సొమ్ము వృథా కావొద్దంటే ఎవరు కాదంటారు? మేం మంచి లెక్కలకు వ్యతిరేకులం గాము. ఈ దేశంలో లెక్క కోసం, లెక్కలో చోటు కోసం దళితులంత గట్టిగా కొట్లాడిన వాళ్ళు ఎక్కువ మంది లేరు. కానీ నాణ్యత అనే మాటను మాత్రం అంత తేలిగ్గా నమ్మలేం. ఆ నాణ్యతను ఎవరు కొలుస్తున్నారు? లెక్కలో తప్పు పడితే ఆ రోజు ఎవరింట్లో పొయ్యి వెలగదు? ఈ ప్రశ్నలు అడగకుండా గణాంకాల గురించి మాట్లాడటమంటే తూకం రాళ్ళను చూడకుండా తూకాన్ని మెచ్చుకోవటమే.

ఒక కథను చదివేటప్పుడు అందులో మాట్లాడేది ఎవరు, మాట దక్కనిది ఎవరికి అని అడగడం దళిత విమర్శ మాకు నేర్పింది. ప్రభుత్వ ఫారాన్ని కూడా అట్లనే చదవాలె. ఫారం కూడా ఒక రచనే. దానికీ రచయితలున్నారు, దృక్పథం ఉంది, పాత్రలున్నాయి. మేం ఇక్కడ ముఖ్యంగా చదవబోయేది 2002లో దేశమంతటా గ్రామాల్లో దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబాలను గుర్తించడానికి కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ తయారుచేసిన ఫారాన్ని. పాతదే. అయినా తర్వాత వచ్చిన వాటికి అది తల్లివేరు కాబట్టి దాన్నించే మొదలుపెట్టాలె.

ఆ ఫారంలో 13 అంశాలు. ఒక్కోదానికి 0 నుంచి 4 దాకా మార్కులు. మొత్తం 52. తక్కువ వచ్చినోళ్ళు పేదలు, ఎక్కువ వచ్చినోళ్ళు కారు. బళ్ళో మార్కులు తక్కువొస్తే బయటికి నెట్టారు, ఇక్కడ మార్కులు ఎక్కువొస్తే నెట్టారు. రెండు చోట్లా నెట్టించుకున్నది ఎవరో చెప్పనక్కర్లేదు.

భూమి ఎంత, ఇల్లు ఎట్లాంటిది, పూటకు తిండి ఉందా, ఇవి సరే. తర్వాతది బట్టలు. మనిషికి సగటున ఎన్ని జతలని గూడా కాదు, ఎన్ని పీసులని అడిగారు. రెండు కంటే తక్కువైతే 0. పది, ఆపైన ఉంటే 4. అవి కొన్నవా, దొర ఇంట్ల పనిచేస్తే ఇచ్చిన పాతవా అని అడగలేదు. వాడలో ఆడోళ్ళ పెట్టెల్లో ఉండే చీరల్లో సగం ఎవరో కట్టి విడిచినవే. ఇంకొకరి దయ కింద బతకడం ఈ ఫారంలో ఆస్తిగా మారింది.

వలస సంగతి చూడండి. కూలి కోసం ఊరిడిచి పోయేవాళ్ళకు 0. వలసే పోనివాళ్ళకు 3. అంటే కదలకుండా ఉన్నోడు కాస్త నిలదొక్కుకున్నోడన్నమాట. పాలమూరు జిల్లాలో బయానా తీసుకుని మేస్త్రీ వెంట పోయే కూలీ కష్టం ఫారానికి అర్థమైంది, మంచిదే. మరి అప్పు తీరక, ఆసామి ఊరు దాటనీయక ఉండిపోయినోడి సంగతి? వాడు స్థిరంగా ఉన్నాడని మూడు మార్కులు వేశారు. వెట్టి గురించి వేరే అంశం కింద ఒక గడి పెట్టిన మాట నిజమే. అయితే ఏ ఊళ్ళో ఏ ఆసామి ముందర నిలబడి నేను వెట్టోణ్ణని చెప్పగలడు మనిషి?

అప్పు విషయంలో సర్కారు అమాయకత్వం ఇంకా చోద్యం. తిండి ఖర్చులకు వడ్డీ వ్యాపారి దగ్గర అప్పు చేస్తే 0. బ్యాంకులాంటి సంస్థల నుంచి మాత్రమే అప్పుంటే 3. డ్వాక్రా సంఘంలో చేరండి, బ్యాంకు అప్పు తీసుకోండి, పేదరికం పోతుందని మన రాష్ట్రంలో ఊరూరా తిరిగి చెప్పింది ప్రభుత్వమే. ఆ మాట విని సంఘంలో చేరిన మనిషి బిడ్డ జ్వరానికి ఆ అప్పు వాడుకున్నా సరే, కాగితం మీద మూడు మెట్లు పైకెక్కింది.

చదువు దగ్గరికొస్తే అది నేరుగా మాలాంటి వాళ్ళ మీదికే వచ్చింది. ఇంట్లో అందరికంటే ఎక్కువ చదివిన పెద్దవాళ్ళెవరో వాళ్ళ చదువుకు మార్కులు. అక్షరం రాకుంటే 0, పదో తరగతికి 2, డిగ్రీకి 3, పీజీకి 4. మాలో చాలామందిమి ఇంట్లో మొదట డిగ్రీ చదివినోళ్ళం. సాంఘిక సంక్షేమ హాస్టళ్ళలో పెరిగినోళ్ళం. ఈ ఫారం లెక్కన ఉద్యోగం లేని డిగ్రీ పిల్లగాడు ఇంట్లో ఉంటే చాలు, అక్షరం ముక్క రాని తల్లిదండ్రులు కూలికి పోతున్నా ఆ ఇంటికి మూడు మార్కులు అదనం. చదువుకున్నోడి జీతం అడగలేదు, చదువునే అడిగారు. తరతరాలుగా చదువు ఉన్నోళ్ళు రాసుకున్న ఫారమని తెలిసేది ఇక్కడే. చదువు వెంట ఉద్యోగం, ఉద్యోగం వెంట ఇల్లు నడిచొస్తాయని వాళ్ళ అనుభవం వాళ్ళకు చెప్పింది. మా ఇళ్ళల్లో చదువు వెంట ముందు నడిచొచ్చేది అప్పు.

ఇక పదమూడో ప్రశ్న. మీకు ప్రభుత్వం నుంచి ఎట్లాంటి సాయం కావాలని. కూలి పనో, రేషన్ బియ్యమో చాలంటే 0. సొంతంగా బతుకుతెరువు పెట్టుకుంటానంటే 1. శిక్షణ కావాలంటే 2. ఇల్లు కావాలంటే 3. లక్ష రూపాయలకు మించిన రుణం కావాలన్నా, ఏమీ అక్కర్లేదన్నా 4. ఈ ప్రశ్న దగ్గర కాసేపు ఆగాలె. మిగతా పన్నెండూ ఇంట్లో ఏముందో అడిగాయి, ఇది మనసులో ఏముందో అడిగింది. కూలి, బియ్యం అడిగేవాడే నిజమైన పేదవాడు. ఇల్లు అడిగితే వాడు అంత పేదవాడు గాదు. ఆశ ఉన్న మేరకు పేదరికం తగ్గిందని లెక్క. గుడిసెలో కూచున్న ముసలామెను ఏం కావాలమ్మా అని అడిగితే, ఎవరో ఇన్నాళ్ళకు అడిగారు గదా అని, నాయనా చావకముందు ఒక పక్కా ఇల్లు అంటుంది. ఆ నోటితోనే ఆమె మూడు మార్కులు తనకు వ్యతిరేకంగా వేసుకున్నదని ఆమెకు తెలియదు. ఏ జవాబుకు ఎన్ని మార్కులో ఎరిగిన ఊరి పెద్దకు మాత్రం ఏం చెప్పాలో తెలుసు. దళితుడు ఎంత కోరుకోవాలో హద్దు గీయడం మనుధర్మం నాటినుంచి ఉన్నదే. ఇక్కడ ఆ హద్దుకు అంకెలు వేశారు, అంతే తేడా.

చీరల సంఖ్యను అప్పుతో, అప్పును ఆశతో కూడి 52కు ఇంత అని తేల్చడం ఏ గణితమో మాకు తెలియదు. ఆర్థికవేత్తలు కూడా దీన్ని గట్టిగానే విమర్శించారు. అయితే వాళ్ళలో ఎక్కువమంది కూడికను పట్టుకున్నారు, మేం గడిని పట్టుకుంటున్నాం. పదమూడింటిలో కులానికి ఒక్క మార్కు లేదు. కులం కారణంగా బావి, గుడి, హోటలు, భూమి అన్నింటికీ దూరమైన మనిషి పేదరికాన్ని కొలిచేటప్పుడు ఆ కులాన్ని పక్కన పెట్టారు. పక్కన పెట్టినా అది ఊరుకోలేదు, మరుగుదొడ్డి ప్రశ్నలోనుంచి లోపలికి వచ్చింది. ఆరుబయటకు పోయేవాళ్ళకు 0. నీళ్ళు సరిగా రాని ఉమ్మడి దొడ్డికి 1, నీళ్ళొస్తే 2. శుభ్రంగా ఉండి, నీళ్ళొచ్చి, ఊడ్చి కడిగే మనిషి క్రమం తప్పకుండా వస్తే 3. సొంత దొడ్డికి 4. ఆ క్రమం తప్పకుండా వచ్చే మనిషి ఎవరు? మొత్తం ఫారంలో ఆమె కనబడేది ఈ ఒక్క గడిలోనే. అదీ పేదరాలిగా కాదు, నీళ్ళ పంపు పక్కన ఇంకొకరి సౌకర్యంగా. పేదల్ని వెతకడానికి బయలుదేరిన కాగితం పాకీపని మనిషిని చూసి, ఆమెను వేరొకరి మార్కుల కింద వేసి ముందుకు పోయింది. దీన్ని పొరపాటు అనాలంటే మాకు నోరు రావటం లేదు.

ఇంత చేసి ఏరినా, ఎంతమందిని ఏరాలో ముందే తేల్చిపెట్టారు. 1999-2000 నమూనా సర్వే మీద ప్రణాళికా సంఘం వేసిన అంచనాకు కాస్త అటూఇటూగా ప్రతి రాష్ట్రం తన సంఖ్యను సర్దుకోవాలె. అంటే ఇంటింటికీ తిరిగింది పేదలెంతమందో కనుక్కోవటానికి గాదు, ఉన్న కుర్చీల్లో ఎవర్ని కూచోబెట్టాలో చూడటానికి. 2013 ఆహార భద్రతా చట్టం వచ్చాక పరిధి పెరిగింది, గ్రామాల్లో 75 శాతం, పట్టణాల్లో 50 శాతం దాకా. కానీ ఆ శాతాలు తీసింది 2011 జనాభా మీద. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. పుట్టినోళ్ళు పుడుతూనే ఉన్నారు, కుర్చీలు మాత్రం పెరగలేదు. దీనివల్ల పది కోట్లకు పైగా మనుషులు రేషన్‌కు బయట ఉండిపోయారని జాన్ డ్రేజ్, రీతికా ఖేరా 2020లో అంచనా వేశారు. గణాంకాల నాణ్యత గురించి ఉపన్యాసాలిచ్చే పెద్దలు ఈ ఒక్క ఆలస్యం గురించి ఎంత మాట్లాడారో వెతికి చూడండి.

లెక్కకు ఖర్చు తగులుకోగానే లెక్క చిక్కిపోవడం కొత్తగా మొదలైంది గాదు. 1932లో లోథియన్ అధ్యక్షతన ఓటు హక్కు కమిటీ తిరిగినప్పుడు అంబేడ్కర్ అందులో సభ్యుడు. అంతకుముందు దాకా అంటరానివాళ్ళు కోట్లలో ఉన్నారని ఒప్పుకున్నవాళ్ళే, సీట్లలో వాటా ఇవ్వాల్సి వస్తుందనేసరికి మా రాష్ట్రంలో అంటరానితనమే లేదు, ఉన్నా కొద్దిమందే అని కమిటీ ముందు వాదించారు. అంబేడ్కర్ దాన్ని తర్వాత తన రచనల్లో వివరంగా రాశారు. మనుషులు ఏమీ మారలేదు, వాడలు ఎక్కడివక్కడే ఉన్నాయి. అంకె మాత్రం మారింది.

అదే తమాషా మన కాలంలో పాకీపని వాళ్ళ విషయంలో నడిచింది. 1993లో చట్టం చేసి నిషేధించారు. ఆ తర్వాత రాష్ట్రాలు మా దగ్గర పాకీదొడ్లు లేవు, పాకీవాళ్ళు లేరు అని కాగితాలు రాసిచ్చాయి. 2003లో సఫాయి కర్మచారీ ఆందోళన్ సుప్రీంకోర్టుకు పోయినప్పుడు అఫిడవిట్లలో కూడా అదే పాట. బెజవాడ విల్సన్, ఆయన సహచరులు ఏం చేశారు? తామే ఊళ్ళు తిరిగి, పేర్లు రాసి, ఫోటోలు తీసి కోర్టు ముందు పెట్టారు. పదకొండేళ్ళు నడిచి 2014 మార్చిలో తీర్పు వచ్చింది. గణాంకాల నాణ్యతకు ఇంతకంటే గొప్ప ఉదాహరణ మాకు కనబడలేదు. కానీ ఏ గణాంకశాస్త్ర పాఠ్యపుస్తకంలోనూ దాన్ని ఉదాహరణగా మేం చదవలేదు.

2011లో మొదలైన సామాజిక ఆర్థిక కుల గణన ఫలితాలు 2015 జులైలో వచ్చాయి. గ్రామాల్లోనే 1,80,657 కుటుంబాలు పాకీపని మీద బతుకుతున్నాయని అందులో ఉంది. 2013 చట్టం కింద 2013లో, 2018లో విడిగా రెండు సర్వేలు చేసి తేల్చిన సంఖ్య 58,098 మంది. కుటుంబాలు కూడా కాదు, మనుషులు. అదే దేశం, దాదాపు అదే కాలం. ఎందుకింత తేడా? మొదటి లెక్కలో పేరెక్కితే ఎవరి మీదా కేసు లేదు. రెండోదానిలో పేరెక్కితే ఆ మనిషికి 40,000 రూపాయల సాయం ఇవ్వాలె, పునరావాసం చూపాలె, ఆ పని చేయించుకున్న సంస్థ నేరం చేసినట్టు ఒప్పుకోవాలె. పట్టణాల్లో సర్వే చేయాల్సింది ఎవరు? మునిసిపాలిటీ. దొంగను పట్టుకునే పని ఎవరికిచ్చారో చూశారా! డ్రైనేజీ గుంతల్లో ఊపిరాడక చనిపోయినవాళ్ళ గురించి పార్లమెంటులో అడిగితే అది పాకీపని కాదు, ప్రమాదకరమైన శుభ్రతా పని అని జవాబిచ్చారు. పేరు మార్చితే గడి మారుతుంది, గడి మారితే మనిషి లేకుండా పోతాడు.

ఆ 2011 గణనలో కొంత మేలు జరిగిన మాట దాచాల్సిన పని లేదు. అంతకుముందు ఎన్.సి. సక్సేనా కమిటీ 2009లో మహాదళితులను ఏ మార్కులూ లేకుండా నేరుగా చేర్చమంది, ఎస్సీ ఎస్టీలకు పదిలో మూడు మార్కులిమ్మంది. ప్రభుత్వం దాన్ని పలచన చేసినా ఏడు లేమి సూచికల్లో ఎస్సీ ఎస్టీ కుటుంబం కావడం ఒకటిగా నిలిచింది. అయితే వరస చూడండి. ముందు తీసివేతలు, తర్వాతే చేర్చటాలు. మోటారు సైకిలుంటే, ఫ్రిజ్ ఉంటే, ఇంట్లో ల్యాండ్‌లైన్ ఫోనుంటే ముందే బయటికి. ఇక జనం తమ కులం పేరు చెప్పి రాయించుకున్న వివరాలు, ఎస్సీ ఎస్టీల మొత్తాలు తప్ప, వెలుగు చూడనే లేదు.

మన దగ్గర ఫారం కాలం పోయి కంప్యూటర్ కాలం వచ్చింది. తెలంగాణలో 2014 ఆగస్టు 19న ఒక్క రోజులో సమగ్ర కుటుంబ సర్వే చేశారు. తర్వాత సమగ్ర వేదిక అని ఒక ఏర్పాటు. బండ్ల రిజిస్ట్రేషన్, ఇంటిపన్ను, ఉద్యోగాలు, ఇట్లా రకరకాల శాఖల రికార్డులను పేరు, చిరునామా పట్టుకుని జోడిస్తుంది. 2016 నుంచి సుమారు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. చాలామందికి రద్దయిందన్న సంగతి డీలర్ దగ్గర సంచి పట్టుకుని నిలబడ్డప్పుడే తెలిసింది. రిక్షా తొక్కే ఒకాయన ఇంటికి కారుందని యంత్రం తేల్చింది. పేరు కలిసిన ఇంకెవరిదో కారు. చివరికి 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఊళ్ళల్లోకి పోయి మళ్ళీ చూడమంటే, మొదట చూసిన రెండు లక్షల పైచిలుకు దరఖాస్తుల్లోనే 15 వేలకు పైగా అర్హులని తేలింది. కష్టపడి మళ్ళీ దరఖాస్తు పెట్టుకోగలిగినోళ్ళ లెక్క అది. పెట్టుకోలేనోళ్ళది ఎవరి దగ్గరా లేదు.

పేరు కలవడం, కలవకపోవడం అనేది వాడల్లో చిన్న సంగతి గాదు. ఒక్క వాడలో నలుగురు ఎల్లయ్యలు, ముగ్గురు మల్లమ్మలు, అందరిదీ అదే ఇంటిపేరు. పాత పట్వారీ కాగితంలో ఎల్లిగాడు, బడి రిజిస్టర్‌లో ఎల్లయ్య, ఆధార్‌లో ఎల్లయ, కూలి మస్టర్‌లో యల్లయ్య. మా తాతల పేర్ల చివర గౌరవం రాయడానికి చేయి రాని కరణం చేసిన పని ఇవాళ కంప్యూటర్‌లో పేరు కలవలేదు అనే ఎర్ర గీతగా వస్తున్నది. ఇంగ్లీషు అక్షరాల్లో పేరు మూడు తరాలుగా ఒకే తీరున రాసుకున్న కుటుంబానికి ఈ బాధ ఎందుకుంటుంది? వేలిముద్రల సంగతి సరేసరి. మట్టి, సున్నం, సిమెంటు పనిచేసి గీతలరిగిన వేళ్ళను యంత్రం పట్టదు. బొటనవేలు అడగడం ఈ దేశంలో కొత్తేం గాదులే.

మిత్రులు కొందరు మమ్మల్ని అడుగుతారు. కార్లున్నోళ్ళు, ఉద్యోగులు, భూస్వాములు తెల్లకార్డులు పెట్టుకోలేదా, వాళ్ళను తీసెయ్యొద్దా అని. పెట్టుకున్నారు. తీసెయ్యాలె. కానీ లక్ష్యం తప్పడంలో రెండు తప్పులున్నాయి. ఇవ్వకూడనోడికి ఇవ్వడం ఒకటి, ఇవ్వాల్సినోడికి ఇవ్వకపోవడం ఒకటి. కోర్నియా, స్టీవార్ట్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1993లోనే చూపించారు, ప్రభుత్వాలు మొదటి తప్పును తగ్గించడం మీదే పడి రెండోదాన్ని పెంచుతాయని. మొదటి తప్పుకు పోయేది బియ్యం బస్తా. రెండోదానికి పోయేది మనిషి. ఈ రెంటినీ ఒకే తక్కెడలో పెట్టి మొత్తం తప్పు ఇంత శాతం అని చెప్పేవాళ్ళ నాణ్యత మాకొద్దు. పైగా కార్డు తీసేయమంటే మొదట పోయేది ఎవరిది? ఎమ్మార్వో ఆఫీసుకు ఫోన్ చేయగలిగినోడిది మాత్రం గాదు.

1983లో ఎన్టీఆర్ రెండు రూపాయల కిలో బియ్యం పెట్టినప్పుడు, ఆ తర్వాత కూడా మన దగ్గర తెల్లకార్డు విశాలంగానే నడిచింది. బోగస్ కార్డులు విపరీతం, డీలర్ల దోపిడీ విపరీతం. అయినా ఊళ్ళో ఎక్కువమంది అదే దుకాణం ముందు నిలబడితే వాడోళ్ళకు మాత్రమే షట్టరు దించడం డీలర్‌కు కష్టమైంది. దళితులకు మాత్రమే అని వేరు చేసిన దేనికైనా ఈ దేశంలో పట్టే గతి మనకు తెలుసు.

మరి కులగణన అడిగేది మీరే గదా అనే ప్రశ్న కూడా ఉంది. అడుగుతాం. తెలంగాణలో 2024 నవంబర్‌లో మొదలైన సర్వే ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం, ముస్లిం బీసీలతో కలిపి బీసీలు 56.33 శాతం అని చెప్పింది. 59 ఎస్సీ కులాల్లో డక్కలి, మాస్టి, బుడగ జంగం, మెహతర్ వంటి 15 కులాలను 2025 వర్గీకరణ చట్టం మొదటి గ్రూపుగా పెట్టి, 1 శాతం కేటాయించింది. లెక్కలేకుంటే ఈ కులాల పేర్లు అసెంబ్లీలో వినబడేవా? కానీ ఇది వాటా కోసం వేసిన లెక్క. ఇందులో ఒక కులం మొత్తం నిలబడి మేమింతమంది అంటుంది. ఏరివేత కోసం వేసే లెక్కలో ఒక్కో ఇల్లు ఒంటరిగా నిలబడి నేను నిజంగానే పేదనని రుజువు చేసుకోవాలె. ఒకటి తలెత్తి చెప్పేది, ఇంకొకటి తలొంచి చెప్పేది. మేం మొదటిదాన్ని అడిగితే రెండోదాన్ని చేతిలో పెట్టి, మీరడిగిన గణాంకాలేగా అంటే ఒప్పుకోం.

నాణ్యత అంటే ఏందో మా మాటల్లో చెప్పమంటే చెబుతాం. జాబితాను ఆఫీసు గోడకు కాదు, వాడలో అందరి ముందర గొంతెత్తి చదవాలె. ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీలో 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మస్టర్లు అట్లనే చదివారు. చచ్చిపోయినోళ్ళ పేర్ల మీద కూలి ఎవరు తిన్నారో గ్రామసభలోనే బయటపడింది. ఒక పేరు కొట్టేసే ముందు ఆ మనిషికి కాగితం ఇవ్వాలె, కారణం తెలుగులో రాయాలె. కారుందని ఆఫీసు అంటే ఆ కారు ఎక్కడుందో ఆఫీసే చూపించాలె, కారు లేదని రిక్షా కార్మికుడు రుజువు చేసుకోవడం గాదు. విచారణ తేలేదాకా బియ్యం ఆగొద్దు. పేదల్ని ఏరడం మానేసి, ఆదాయపు పన్ను కట్టేవాళ్ళను, పెద్ద ఉద్యోగులను, భూస్వాములను పక్కన పెట్టి మిగతా అందరికీ ఇవ్వడం లెక్కకూ తేలిక.

2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జనగణన ప్రకటించారు. ఈసారి అందులో కులం అడుగుతామని 2025 ఏప్రిల్‌లో కేంద్రం చెప్పింది. ఆ లెక్క వెంట రేషన్‌కు, ఇళ్ళకు, పెన్షన్లకు కొత్త జాబితాలు వస్తాయి, వాటికి కొత్త ఫారాలొస్తాయి. సంఘాలు, విద్యార్థులు, టీచర్లు ఆ ఫారాల ముసాయిదాను అచ్చు కాకముందే బయటపెట్టమని ఇప్పుడే అడగాలె. ఏ జవాబుకు ఏ ఫలితమో ఫారం వెనకే అచ్చు వేయమని కూడా. 2002లో మా పెద్దలకు పదమూడో ప్రశ్న అర్థమయ్యేసరికి మార్కులు వేయడం అయిపోయింది.